నొప్పి తక్కువగా ఉన్న కాలికే ముందు ఆపరేషన్

నాకు రెండు తుంటి కీళ్లలోనూ ఎముక చచ్చిపోయింది. డాక్టర్లు దీన్ని అవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు. రోగులమంతా ఏవీఎన్ అనే అంటాం. కుడి తుంటికి పూర్తిగా కీలు మార్పిడి చేశారు. ఎడమ తుంటికి, ఎముకలోకి రంధ్రం తొలిచి లోపలి ఒత్తిడి తగ్గించే కోర్ డీకంప్రెషన్ అనే చిన్న ఆపరేషన్‌తో సరిపోయింది. ఆ కీలు ఇప్పటికీ నేను పుట్టినప్పటి కీలే. రెండింటికీ జబ్బు ఒకటే, కారణమూ ఒకటే. కనిపెట్టిన రోజుకు ఒకటి కుంగిపోయింది, ఒకటి ఇంకా కుంగలేదు. అంతే తేడా. ఈ జబ్బులో ఒక్కో నెల విలువ ఎంతో నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే నా సంగతి వివరంగా రాస్తున్నాను.

నాకు 36 ఏళ్లప్పుడు నెఫ్రోటిక్ సిండ్రోమ్ వచ్చింది. మూత్రంలో ప్రోటీన్ అంతా పోయి ఒంటికి నీరు పట్టే జబ్బు. పొద్దున లేచేసరికి కళ్లు తెరవలేనంత వాపు ఉండేది. రోజుకు 60 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌తో మొదలుపెట్టి నెలల తరబడి తగ్గిస్తూ వచ్చారు. మధ్యలో జబ్బు ఒకసారి తిరగబెట్టడంతో మోతాదు మళ్లీ పెంచాల్సి వచ్చింది. ఆ స్టెరాయిడ్ నా మూత్రపిండాలను నిలబెట్టింది. తుంట్లను దెబ్బతీసింది కూడా అదే. అయినా ఆ మందును నేను తిట్టను. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ వేసుకుంటాను. నా బాధల్లా ఒక్కటే. గజ్జలో నొప్పి వస్తే వెంటనే వచ్చి చెప్పమని మందు రాసిన రోజే ఎవరైనా ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేదో!

స్టెరాయిడ్ మొదలైన 14 నెలలకు నొప్పి మొదలైంది. అయితే అది తుంటిలో కాదు, కుడి మోకాలి పైన, తొడ లోపలి వైపు వచ్చింది. సహజంగానే మోకాలికి ఎక్స్-రే తీశారు. ఏమీ లేదు. తుంటికీ మోకాలి లోపలి వైపుకూ వెళ్లే నరాల్లో కొన్ని ఒకటే కాబట్టి తుంటి జబ్బు మోకాలి నొప్పిగా బయటపడవచ్చని నాకు అప్పుడు తెలియదు. కొన్ని వారాలకు నొప్పి గజ్జలోకి దిగింది. కారు ఎక్కేటప్పుడు కుడికాలు లోపలికి పెట్టబోతే గజ్జలో సూది గుచ్చినట్టయ్యేది. కాలి గోళ్లు తీసుకోవడానికి పాదాన్ని పైకి తెచ్చుకోలేకపోయేదాన్ని. తుంటికి ఎక్స్-రే తీశారు. అదీ మామూలుగానే ఉంది. కండరం పట్టిందన్నారు. ఫిజియోథెరపీ రాశారు. అలా 5 నెలలు గడిచాయి.

ఆ డాక్టరు నిర్లక్ష్యం చేశారని అనలేను, ప్రతిసారీ ఓపికగానే చూశారు. కానీ నేను ఏ మందులు వాడానన్నది ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ చెప్పలేదు. మూత్రపిండాల మందుకూ గజ్జ నొప్పికీ సంబంధం ఉంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

ముందుగా పసిగట్టింది మా అక్క. మెట్లు దిగుతున్న నన్ను వెనక నుంచి చూసి, "నువ్వు కుంటుతున్నావు. నీకు తెలుస్తోందా?" అంది. తెలియడం లేదు. నడక ఎంత మెల్లగా మారిపోయిందంటే, అదే నా నడక అనుకుంటున్నాను. ఆ వారమే అక్క నన్ను వేరే ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

ఆయన రిపోర్టులేవీ చూడకుండా ముందు నన్ను బల్ల మీద వెల్లకిలా పడుకోమన్నారు. మోకాలు, తుంటి మడిచి పట్టుకుని పాదాన్ని మెల్లగా బయటి వైపు తిప్పారు. అలా తిప్పితే తుంటి లోపలికి తిరుగుతుంది. కుడివైపు కాస్త తిరిగిందో లేదో అరిచేశాను. ఎడమవైపు కూడా చివర్లో కొద్దిగా పట్టేసింది. కాలు కిందికి దించి, "ఈ రెండు మూడేళ్లలో స్టెరాయిడ్లు ఏమైనా వాడారామ్మా?" అని అడిగారు. 5 నెలల్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. మర్నాడే రెండు తుంట్లకూ ఎమ్మారై తీయించారు.

ఎమ్మారైలో కుడి తుంటి బంతి లోపల, అంటే తొడ ఎముక గుండ్రటి పైచివరలో, ఒక నల్లటి గీత వంకరటింకరగా తిరిగి ఉంది. ఆ గీతకు పైన ఉన్న ఎముకలో ప్రాణం లేదన్నారు. బంతిలో మూడో వంతుకు పైగా అదే. కొత్తగా తీసిన ఎక్స్-రేలో బంతి పై అంచు కింద సన్నని చంద్రవంకలాంటి గీత కూడా కనిపించింది. అంటే లోపలి ఎముక పెళుసుగా విరిగి పై పెంకు నుంచి విడిపోతోందన్నమాట. పైభాగం అప్పటికే 3 మిల్లీమీటర్లు కుంగింది. ఎడమవైపు కూడా గీత ఉంది. కానీ చనిపోయిన భాగం బంతిలో 20 శాతం దాకానే ఉంది, బంతి పూర్తిగా గుండ్రంగా ఉంది. దాని ఎక్స్-రే ఏ లోపమూ చూపించలేదు. కుడిది మూడో దశ, ఎడమది మొదటి దశ అన్నారు. ఎడమ తుంటి నన్ను ఎప్పుడూ పెద్దగా బాధపెట్టలేదు. అందులోనూ ఇదే జరుగుతోందని విన్నప్పుడు గుండె జారిపోయింది. స్టెరాయిడ్ వల్ల వచ్చే ఏవీఎన్ చాలామందిలో రెండు వైపులా ఉంటుందనీ, అందుకే ఒకవైపే నొప్పి ఉన్నా రెండింటికీ ఎమ్మారై తీయిస్తామనీ ఆయన చెప్పారు.

ఎముక ఎందుకు చచ్చిపోతుందో ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. తొడ ఎముక పైచివర బంతిలా ఉంటుంది. దానికి రక్తం దాదాపుగా ఒకటే దారిలో వస్తుంది. ఎముక మెడను అంటుకుని పైకి ఎక్కే కొన్ని సన్నని నాళాలే ఆ దారి. స్టెరాయిడ్ వాడినప్పుడు మజ్జలోని కొవ్వు కణాలు ఉబ్బుతాయి. ఎముక గట్టి డబ్బాలాంటిది, సాగదు. లోపల ఒత్తిడి పెరిగితే నలిగేది రక్తనాళాలే. మద్యం ఎక్కువగా తాగేవాళ్లలో, సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో, తుంటి మెడ విరిగినవాళ్లలో కూడా వేర్వేరు దారుల్లో చివరికి జరిగేది ఇదే, రక్తం అందకపోవడం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ తర్వాత ఆయన చెప్పిన విషయం. చచ్చిపోయిన ఎముక వెంటనే కూలిపోదు. కొంతకాలం అలాగే బరువు మోస్తుంది, నొప్పి కూడా లేకపోవచ్చు. శరీరం దాన్ని బాగుచేయడం మొదలుపెట్టినప్పుడే అసలు ప్రమాదం. కొత్త ఎముక పేర్చడానికి ముందు పాతదాన్ని తొలిచి తీసేస్తుంది. తొలిచే పని వేగంగా, పేర్చే పని నెమ్మదిగా సాగుతుంది. ఆ మధ్య కాలంలో బంతి గుల్లబారి మన బరువుకే కుంగుతుంది. ఒకసారి ఆకారం చెడిందంటే బంతి కూర్చునే కటి ఎముక గిన్నె కూడా అరగడం మొదలవుతుంది. ఇది విన్నాక, నేను పోగొట్టుకున్న 5 నెలలు ఏమిటో అర్థమైంది.

"కుడికాలికి ముందు చేసేయండి డాక్టరు గారూ, ఈ నొప్పి భరించలేను" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "కుడి తుంటి ఇంకో రెండు నెలలు ఆగినా చేసే ఆపరేషన్ మారదమ్మా, కీలు మార్చడమే. ఎడమది ఇవాళ గుండ్రంగా ఉంది. అది కుంగిందంటే ఈ చిన్న ఆపరేషన్‌కు అర్థమే ఉండదు. తొందరంతా ఎడమదానికే."

రెండూ ఒకేసారి చేసేవాళ్లూ ఉన్నారట. నా విషయంలో ఆయన వద్దన్నారు. అప్పటికి ఇంకా రోజుకు 10 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ మీద ఉన్నాను. లోహం అమర్చే పెద్ద ఆపరేషన్‌లో ఇన్ఫెక్షన్ వస్తే తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఈలోగా ఆ మోతాదు తగ్గుతుంది.

మావారు సరైన ప్రశ్న అడిగారు. "ఎడమకాలి మీద 6 వారాలు పూర్తి బరువు వేయకూడదంటే, ఆ బరువంతా కుడికాలి మీదే కదండీ పడేది?"

"అవును. ఆ 6 వారాలు చాలా కష్టంగా ఉంటాయి" అన్నారు డాక్టరు. దాచకుండా చెప్పినందుకే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

కోర్ డీకంప్రెషన్ ఎలా పుట్టిందో కూడా ఆయనే చెప్పారు. ఫ్రాన్స్‌లో ఫికా, ఆర్లే అనే ఇద్దరు వైద్యులు జబ్బు నిర్ధారణ కోసం బంతిలోంచి ఎముక ముక్కను తొలిచి తీసేవారు. పరీక్ష కోసం చేసిన ఆ రంధ్రంతోనే రోగుల నొప్పి తగ్గడం వాళ్లు గమనించారు. లోపలి ఒత్తిడి బయటికి పోవడానికి దారి దొరికిందన్నమాట. జబ్బు దశలను లెక్కగట్టే పద్ధతుల్లో ఒకటి ఇప్పటికీ వాళ్ల పేర్లతోనే ఉంది.

నా ఆపరేషన్ ముప్పావు గంటలో అయిపోయింది. వెన్నులో సూదితో నడుము కింది భాగానికి మత్తు ఇచ్చారు. నేను మెలకువగానే ఉన్నాను. తల కొద్దిగా పక్కకు తిప్పితే ఎక్స్-రే తెర కనిపించేది. అందులో బూడిద రంగు బంతి, దాని మెడలోంచి పైకి ఎక్కుతున్న ఒక సన్నని తీగ. ఒక్కో అడుగు ముందుకు పోవడం, ఎక్స్-రే చూడడం, కోణం మార్చి మళ్లీ చూడడం. తీగ బంతి మీద పొరలా ఉండే మృదులాస్థిని చీల్చుకుని కీలులోకి పోకూడదు, అలాగని చచ్చిపోయిన భాగాన్ని చేరకుండానూ ఆగకూడదు. అంచుకు సుమారు 5 మిల్లీమీటర్ల దూరంలో ఆపారు. ఆ తీగ మీదుగా డ్రిల్లు పంపారు. నొప్పి లేదు కానీ తొడంతా సన్నగా అదురుతున్నట్టు ఛాతీ దాకా తెలిసింది. నడుము ఎముక నుంచి తీసిన మజ్జలోని కణాలను వేరుచేసి ఆ దారిలోనే లోపలికి ఎక్కించారు. దీనివల్ల కచ్చితంగా ఎముక తిరిగి పుడుతుందని చెప్పలేననీ, జబ్బు తొలిదశలో ఉన్నప్పుడు మేలు జరిగే అవకాశం ఉందనీ ముందే చెప్పారు. బయటికి కనిపించే గాటు రెండున్నర సెంటీమీటర్లు.

గాటు చిన్నదని తేలిగ్గా తీసుకోకూడదు. డ్రిల్లు చేసిన చోట తొడ ఎముక బలహీనంగా ఉంటుంది. తొందరపడి బరువు వేస్తే అక్కడే విరగవచ్చు. ఫిజియోథెరపిస్టు నాకు బరువు వేయడం నేర్పిన పద్ధతి మరిచిపోలేను. చంక కర్రలు పట్టుకుని నిలబెట్టి, ఎడమ పాదాన్ని బరువు తూచే యంత్రం మీద పెట్టించింది. "ముల్లు 15 దాటకూడదండీ. కళ్లు మూసుకుని నొక్కండి, తర్వాత చూసుకోండి" అంది. మొదటిసారి 32 చూపించింది. రోజూ పొద్దునా సాయంత్రం సాధన చేశాను. 15 కిలోలంటే పాదానికి ఎలా ఉంటుందో మూడో రోజుకు తెలిసింది. మూడో వారం నుంచి 20 దాకా, ఆ తర్వాత 30 దాకా పెంచుకుంటూ పోయాం.

ఇక కుడికాలు. ఆ 6 వారాల గురించి ఎక్కువ రాయలేను. గదిలోంచి గదిలోకి మాత్రమే కర్రలు వాడి, అంతకు మించిన దూరానికి చక్రాల కుర్చీ వాడాను. నా మూత్రపిండాలకు పడవు కాబట్టి ఎక్కువమంది వాడే నొప్పి మాత్రలు నాకు కుదరవు, పారాసిటమాల్‌తోనే నెట్టుకొచ్చాను. రాత్రి పక్క మీద తిరగాలంటే మావారిని లేపాల్సి వచ్చేది. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు.

మొదటి ఆపరేషన్ అయిన 12 వారాలకు కుడి తుంటి మార్పిడి జరిగింది. అప్పటికి స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాములకు దిగింది. ముందుగా పళ్లు, మూత్రం పరీక్ష చేయించారు, ఎక్కడ చిన్న ఇన్ఫెక్షన్ ఉన్నా రక్తంలో ప్రయాణించి కొత్త కీలు మీద చేరవచ్చని. స్టెరాయిడ్ ఎన్నాళ్లుగా వాడుతున్నానో మత్తు డాక్టరు రెండుసార్లు అడిగి రాసుకున్నారు. ఎక్కువ కాలం వాడితే ఒత్తిడి సమయంలో శరీరం తనంతట తాను తయారుచేసుకోవాల్సిన హార్మోన్ తగ్గిపోతుందట, అందుకే ఆపరేషన్ రోజు అదనంగా సూది ద్వారా ఇచ్చారు. స్టెరాయిడ్ వాడిన వాళ్లెవరైనా ఏ ఆపరేషన్‌కు ముందైనా ఈ మాట అడగకపోయినా చెప్పాలి.

ఈసారీ వెన్నులో సూదే. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. నిద్రమత్తులో ఉన్నా సుత్తి దెబ్బలు వినిపించాయి. కొత్త గిన్నెను కటి ఎముకలోకి, టైటానియం కాండాన్ని తొడ ఎముకలోకి బిగించే దెబ్బలు. సిమెంటు వాడలేదు. గరుకుగా ఉండే ఆ లోహం మీదికి మన ఎముకే పెరిగి పట్టుకుంటుంది. దెబ్బ శబ్దం మారుతూ వచ్చింది. బోలుగా మొదలై, కాండం బిగిసేకొద్దీ గట్టిగా, సన్నగా మోగింది.

నా ఎముకను చూస్తానని ముందే అడిగాను. కుట్లు వేశాక డాక్టరు ట్రేలో పెట్టి తెచ్చారు. పైకి బంతి తెల్లగా, నున్నగా, ఏమీ కానట్టే ఉంది. ఆయన తొడుగు వేసుకున్న వేలితో పైభాగాన నొక్కారు. పింగ్ పాంగ్ బంతిని నొక్కినట్టు లోపలికి సొట్టపడి మళ్లీ పైకి వచ్చింది. మృదులాస్థి కింద ఎముక విడిపోయి ఖాళీ ఏర్పడింది. మధ్యకు కోసిన వైపు తిప్పి చూపించారు. చుట్టూ ఎర్రగా ఉన్న ఎముక, పైన పాలిపోయిన పసుపు రంగులో ఒక ముక్క. ఇన్ని నెలలు నన్ను నిద్రపోనివ్వనిది అదే.

మర్నాడు పొద్దున వాకర్ పట్టుకుని నిలబడ్డాను. కోసిన చోట మంట ఉంది, తొడ బరువెక్కి ఉంది. కానీ కాలు నేలకు ఆనించగానే గజ్జలో దిగే ఆ పోటు లేదు. ఇంకో అడుగు వేశాను. లేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. ఫిజియోథెరపిస్టు నొప్పి అనుకుని కంగారుపడింది.

తర్వాతి వారాల్లో నియమాలు చాలానే ఉన్నాయి. కీలు వెనక నుంచి తెరిచారు కాబట్టి తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు, మోకాళ్ల మధ్య దిండుతో పడుకోవాలి. ఇవి తప్పితే బంతి గిన్నెలోంచి జారవచ్చు. రక్తం గడ్డకట్టకుండా 35 రోజులు మాత్రలు వేసుకున్నాను. అయినా 12వ రోజు పిక్క ఉబ్బితే భయపడి పరుగెత్తాం. స్కాన్‌లో గడ్డ ఏమీ కనిపించలేదు, ఆపరేషన్ వాపేనన్నారు. వెళ్లి మంచి పని చేశారని డాక్టరు అన్నారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది కుడికాలు పొడుగైపోయినట్టు అనిపించడం. నిలబడితే అడుగు కింద ఏదో ఎత్తు పెట్టినట్టుండేది. కొలిస్తే రెండు కాళ్లూ సమానమే. కుంగిన కీలుతో నెలల తరబడి ఒరిగి నడవడం వల్ల నడుము, కండరాలు ఆ ఒరుగుకే అలవాటుపడ్డాయట. మూడో నెలకు ఆ భావన పోయింది. ఆ నెలాఖరునే డాక్టరు అనుమతితో కుడికాలి మేజోడు నేనే తొడుక్కున్నాను. దాదాపు ఏడాది తర్వాత.

కృత్రిమ కీలు ఎన్నాళ్లు ఉంటుందన్నది నాలాంటి వయసువాళ్లకు పెద్ద ప్రశ్న. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ 1962లో లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నెతో చేసిన కీలు నుంచే ఇప్పటి పద్ధతులు వచ్చాయి. గిన్నెలో వాడే ఆ ప్లాస్టిక్ (పాలిథిలీన్) నాణ్యతకు అప్పటికీ ఇప్పటికీ పోలికే లేదు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం మార్చిన తుంట్లలో సుమారు 58 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. అయితే కీలు మార్పిడి చేయించుకునేవాళ్లలో ఎక్కువమంది నాకంటే పెద్దవాళ్లు, నాకంటే తక్కువ తిరిగేవాళ్లు. నా జీవితంలో ఈ కీలును ఇంకోసారి మార్చాల్సి రావచ్చు. డాక్టరు ఎడమ తుంటి కోసం అంత పట్టుబట్టింది అందుకే. రెండింటికి బదులు ఒకటే మార్చుకోవాల్సి వస్తే అది చిన్న విషయం కాదు.

ఆపరేషన్ లేకుండా ఎముకకు ప్రాణం పోస్తామని చెప్పేవాళ్లు ఈ మధ్యలో చాలామంది ఎదురయ్యారు. వాళ్ల మాట వినొద్దని నేను గట్టిగా చెబుతాను. ఆ మందు పనిచేస్తుందేమో చూద్దామని ఆగిన నెలల్లోనే బంతి కుంగుతుంది. ఆ తర్వాత చిన్న ఆపరేషన్ అనే దారి మూసుకుపోతుంది. ఆగి చూడాల్సి వస్తే ఎమ్మారై చేతిలో పెట్టుకుని, ఎముకల డాక్టరు చెప్పినంత కాలమే ఆగండి.

ఆపరేషన్లయి ఇప్పటికి మూడేళ్లు. కుడి తుంటిని నేను రోజుల తరబడి మరిచిపోతాను. ఎడమదాన్ని మాత్రం మరవను. గజ్జలో ఏమాత్రం బరువుగా అనిపించినా ఆగిపోయి గమనించుకుంటాను. పరుగు, గెంతడం మానేశాను, ఈత నేర్చుకున్నాను. పోయిన నెల ఎమ్మారైలో డాక్టరు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, పెన్సిలు మొనతో బంతి అంచు వెంట ఒక చివర నుంచి రెండో చివర దాకా నెమ్మదిగా వెళ్లారు. నల్లటి గీత అలాగే ఉంది, కానీ ముందుకు జరగలేదు. పెన్సిలు ఎక్కడా కిందికి దిగలేదు. ఏడాది తర్వాత మళ్లీ రమ్మన్నారు.